బ్లేడు ఉన్నదా, లేనిదా?

"పక్కకి రండి సార్."

ఒక అమ్మాయి తనని అలా పిలవడం మనవాడి జీవితంలో అదే మొదటిసారి. పిలిచింది ఆఫీసు గేటు దగ్గర, బ్యాగు స్కానర్‌లోంచి బయటికొచ్చాక, వెనకాల లైనంతా చూస్తుండగా. అది వేరే సంగతి.

పిలిచిన అమ్మాయి సెక్యూరిటీ గార్డు. నీలం యూనిఫాం, బిగించి కట్టిన జడ, ఎవర్నీ నమ్మని కళ్లు. టిఫిన్ డబ్బా పక్కన ఉన్న ఉక్కు వస్తువొకటి తీసి బల్లమీద పెట్టింది.

"ఇదేంటి?"

"కత్తి అండీ." వెనకాల ఎవరో గట్టిగా దగ్గారు. "అంటే, కత్తెర. కాదు కాదు, ప్లయర్."

"ఏదో ఒకటి చెప్పండి."

"అన్నీ అదేనండీ. మల్టీటూల్."

ఆ అమ్మాయి ఒక్కొక్క మడతనే గోటితో లాగింది. ప్లయర్ వచ్చింది, స్క్రూడ్రైవర్ వచ్చింది, చిన్న బ్లేడు వచ్చింది. ఆఖర్న కొక్కెంలాంటిదేదో వచ్చింది.

"ఇది దేనికి?"

మనవాడు దానివైపు తెల్లమొహం వేసుకుని చూశాడు. నెలల తరబడి మోస్తున్నాడు గాని, లోపల అదొకటుందని తనకే తెలీదు.

"అవసరమైతే వాడతానండీ."

"దేనికి అవసరమైతే?"

మనవాడు దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోబోయింది గాని పూర్తిగా ఆగలేదు. తప్పించుకున్న ఆ కాస్త నవ్వే మనవాడి కొంప ముంచింది.

"బ్లేడున్నవి పైకి తీసుకెళ్లకూడదు సార్. ఇక్కడ పెట్టి వెళ్లి, సాయంత్రం తీసుకోండి" అంటూ ఒక టోకెన్ చేతిలో పెట్టింది.

మనవాడి ఉద్యోగం ఇన్సూరెన్స్ కాగితాల్లో తప్పులు పట్టడం. ఆ పనిలో ప్రమాదకరమైన ఘట్టం ఏదైనా ఉంటే, అది స్టేప్లర్‌లో పిన్నులు వేయడమే. ఆ మల్టీటూల్ బావగారు పుట్టినరోజుకి ఇచ్చింది. స్కానరూ, ఆ అమ్మాయీ ఆ వారమే కొత్తగా వచ్చారు. బుద్ధున్నవాడైతే మర్నాటినుంచి దాన్ని ఇంట్లో పడేసి వచ్చేవాడు. మనవాడు తుడిచి, తళతళలాడించి మరీ తెచ్చాడు. పొద్దున అప్పగించేటప్పుడొకసారి, సాయంత్రం పుచ్చుకునేటప్పుడొకసారి ఆ అమ్మాయితో మాట్లాడొచ్చు కదా మరి.

"కొక్కెం దేనికో తెలిసిందా సార్?"

"ఇంకా పరిశోధిస్తున్నానండీ."

వాన పడ్డ సాయంత్రం తలంతా తడిసి నిలబడితే, "ఇన్ని తెస్తారు, గొడుగు తేరేం?" అని అడిగింది. ఆ ఒక్క మాటతో మనవాడు ఇంటిదాకా తడుస్తూనే గాల్లో తేలుతూ వెళ్లాడు. జలుబు చేసింది. దానిక్కూడా మురిసిపోయాడు.

ఇలా హాయిగా సాగుతుండగా ఒక పొద్దున ఆ అమ్మాయి వెలిగిపోతున్న మొహంతో, "మీకో మంచి కబురు సార్! చిటికెన వేలికన్నా చిన్న బ్లేడైతే ఆపొద్దని రూలొచ్చింది. మీది చిన్నదే. రోజూ ఈ తిప్పలు ఇక లేవు" అంది.

ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి, ఎవరో పోయినట్టు మొహం పెట్టి లిఫ్టెక్కాడు.

ఆ సాయంత్రమే పనిముట్ల కొట్టుకి వెళ్లాడు.

"ఏం పనికి కావాలి బాబూ?" అన్నాడు కొట్టాయన. "కరెంటు పనికా, సైకిలుకా?"

"పని సంగతి అలా ఉంచండి. బ్లేడు పెద్దదుండాలి. స్కానర్‌లో స్పష్టంగా కనబడాలి. చూడగానే ఆపెయ్యాలి."

కొట్టాయన కళ్లజోడు సవరించుకుని మనవాణ్ని ఎగాదిగా చూశాడు. "అందరూ దొరక్కూడదనుకుంటారు. నువ్వు దొరకాలంటున్నావేంటి?"

చివరికి రంపం, పొడుగాటి కత్తి ఉన్నదాన్ని ఎంచుకున్నాడు. జేబులో వేస్తే ప్యాంటు ఒకవైపుకి జారింది. ఇంట్లో దాన్ని చూసి వాళ్లక్క నోరెళ్లబెట్టింది. "సీసా మూత తీయడం రానివాడివి, నీకు రంపమెందుకురా?"

మర్నాడు గేటు దగ్గర అనుకున్నట్టే ఆపింది. అనుకున్నట్టు నవ్వలేదు.

"చిన్నది తెచ్చుకోవచ్చని నిన్ననే చెప్పానుగా సార్. ఇదెందుకు?"

"పనుందండీ."

"ఏం పని?"

"అదే, కుర్చీలూ అవీ బాగుచేస్తుంటానండీ."

ఆ అమ్మాయి తను కూర్చునే స్టూలు ముందుకి జరిపింది. దాని కాలు ఊగుతోంది. ఇక తప్పదని మనవాడు మోకాళ్లమీద కూర్చుని, స్క్రూడ్రైవర్ అనుకుని ముందు రంపం లాగి, తర్వాత సరైనది దొరకబుచ్చుకుని, బిగించాల్సిన వైపు కాకుండా రెండోవైపు తిప్పాడు. ఊగే కాలు ఊడి చేతికొచ్చింది.

ఆ రోజంతా ఆ అమ్మాయి నిలబడే డ్యూటీ చేసింది.

సాయంత్రం టూల్ తిరిగిస్తూ మెల్లగా చెప్పింది. "రోజూ ఒకే మనిషి బ్లేడుతో వస్తుంటే సూపర్‌వైజర్ నన్నడుగుతున్నారు సార్. తెలిసిన మొహమని చూసీచూడనట్టు పోతున్నావా అని. ఇంకోసారి జరిగితే నన్ను కింద పార్కింగ్‌లో వేస్తారు. మీకు నిజంగా పనుంటే బ్లేడు లేనివి కూడా దొరుకుతాయి, అది కొనుక్కోండి. పని లేకపోతే, ఎందుకు తెస్తున్నారో మీకే తెలియాలి."

మనవాడికి తల కొట్టేసినట్టయింది. ఆ అమ్మాయి పొద్దుటినుంచి నిలబడిన కాళ్లు చూస్తే ఇంకా సిగ్గేసింది. తన సరదా ఇంకొకరి ఉద్యోగం మీదకి వచ్చిందన్నమాట. బ్లేడున్నది తెస్తే ఆమెకి ముప్పు, లేనిది తెస్తే తనకి ఆమె ఉండదు.

ఇంటికెళ్లి అంతా అక్క ముందు వెళ్లగక్కాడు. ఆవిడ కడుపుబ్బ నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఒరేయ్, మాట్లాడ్డానికి నీకు నోరుందిరా. మధ్యలో ఈ ఇనుము దేనికి?" అంది.

ఆ రాత్రే మళ్లీ పనిముట్ల కొట్టుకి వెళ్తే, కొట్టాయన మనవాణ్ని చూడగానే, "ఏం బాబూ, ఆపారా?" అని అడిగాడు.

"ఆపారండీ. ఇప్పుడు ఆపకూడదు. బ్లేడు లేనిదివ్వండి."

"నువ్వొక మాట మీద నిలబడవు కదా!" అంటూనే మార్చి ఇచ్చాడు.

మర్నాడు బ్యాగు స్కానర్‌లోంచి జారుకుంటూ వచ్చేసింది. "వెళ్లండి సార్." అంతే. సాయంత్రం టోకెన్ లేదు, మాట లేదు. ఆ మర్నాడూ అంతే. ఆ రెండు పలకరింపులు పోయేసరికి రోజు మొత్తం ఖాళీ అయిపోయింది. ఇన్సూరెన్స్ కాగితాల్లో ఉన్న తప్పులు కనబడలేదు, లేనివి కనబడ్డాయి. తనది వేళాకోళం కాదని, ఆ అమ్మాయంటే ప్రాణమని మనవాడికి అప్పుడు బాగా తెలిసొచ్చింది.

మూడోనాడు మధ్యాహ్నం భోజనాల వేళ బ్యాగూ టూలూ పైనే వదిలేసి, ఉత్త చేతులతో కిందికి దిగాడు. బయటికి వెళ్లి, మళ్లీ లైన్లో నిలబడ్డాడు.

"బ్యాగేది సార్?"

"పైనుందండీ."

"టూలు?"

"అదీ పైనే. బ్లేడు లేనిదే."

"తెలుసు. ఉందేమోనని స్కానర్ బెల్టు వెనక్కి తిప్పి మరీ చూశాను." అనేసి నాలిక్కరుచుకుంది. వెంటనే గొంతు మార్చింది. "మరి ఏమీ లేకుండా లైన్లో ఎందుకు నిలబడ్డారు?"

"మీరు ఆపుతారేమోనని."

ఇంత చెప్పాక ఆగడం మనవాడి వల్ల కాలేదు. "నాకు ఏ పనీ రాదండీ. మీ స్టూలే సాక్ష్యం. మీరు ఆపాలనే అవన్నీ మోసుకొచ్చాను. మీకు మాటొస్తుందని ఆలోచించలేదు, తప్పు నాదే. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది మొదట్లోనే చెప్పుంటే మీకూ నాకూ ఇంత అవస్థ ఉండేది కాదు."

వెనకాల ఒకాయన, "కాస్త త్వరగా కానివ్వండి బాబూ!" అన్నాడు.

ఆ అమ్మాయి మొహం కదల్లేదు. "డ్యూటీలో ఎవర్నైనా ఆపాలంటే రూలుండాలి సార్. మీ దగ్గర ఆపడానికేమీ లేదు. వెళ్లండి."

మనవాడు తలొంచుకుని ముందుకి నడిచాడు.

"ఒక్క నిమిషం."

వెనక్కి తిరిగాడు. ఆ అమ్మాయి స్కానర్ తెరవైపే చూస్తోంది గాని, చెవులు ఎర్రబడ్డాయి.

"ఆరింటికి నా డ్యూటీ అయిపోతుంది. తర్వాత మిమ్మల్ని ఆపడానికి నాకు రూలక్కర్లేదు" అంది. "సార్ అని పిలవక్కర్లేదు కూడా."