కనపడని వరుసలో చిన్నిగువ్వ

తెనాలి బోసు రోడ్డులో ఒక మేడ మీద ఎజ్రా నడిపే నెట్ సెంటర్ ఉండేది. అందులో మూల కంప్యూటర్ అనసూయది. చీరల కొట్లకీ, బియ్యం మిల్లులకీ వెబ్‌సైట్లు చేసిపెట్టేది. జనానికి ఈ-మెయిలంటేనే అప్పుడప్పుడే తెలుస్తున్న రోజులవి.

ఆ వానాకాలం బాపట్ల నుంచి భరద్వాజగారనే రిటైరైన లెక్చరర్ వచ్చారు. చేతిలో నీలం గౌను వేసుకున్న పిల్ల ఫొటో. మనవరాలట, పేరు ఆమని. సూర్యలంక దారిలో కనపడకుండా పోయి ఏడాది దాటిందట. ఎవరు ఎక్కడ కూర్చుని వెతికినా పిల్ల పేజీయే ముందు రావాలన్నారు.

పేజీలో మనుషులకు కనపడనిచోట కొన్ని వరుసలు రాస్తామనీ, వాటిని మెటా ట్యాగులంటారనీ అనసూయ ఓపిగ్గా చెప్పింది. ఒకదాంట్లో పిల్ల గురించి రెండు ముక్కలు. వెతికినప్పుడు పేజీ పేరు కింద కనిపించేవి అవే. ఇంకోదాంట్లో జనం ఏ మాటలు కొట్టి వెతుకుతారో ఆ మాటలు.

"మనుషులకు కనపడవంటున్నావు. మరి వాటిని చదివేదెవరమ్మా?"

"వెతికేదండి. స్పైడరంటారు. అదొక ప్రోగ్రాం. ఊరూరూ తిరిగినట్టు పేజీపేజీకీ తిరిగి చదువుకుపోతుందండి."

"సాలీడు సార్," అన్నాడు ఎజ్రా పక్క నుంచి. "మా అక్క రోజూ దానికి ఆకేసి వడ్డిస్తుంది."

పెద్దాయన నవ్వలేదు.

అనసూయ పనిలో అబద్ధం ఉండదు. పేజీలో లేని మాట ట్యాగులో పెట్టదు, ఉన్నమాట పదిసార్లు కుక్కదు. ఒక్క పరీక్ష మాట మాత్రం పెట్టేది. ప్రపంచంలో ఇంకెవరూ కొట్టని మాట ఒకటి ఆ కనపడని వరుసలో చేర్చి, నాలుగు రోజులాగి వెతికితే, స్పైడర్ వచ్చి చదివిందో లేదో తేలిపోతుంది. తేలాక తీసేస్తుంది. ఆవేళ ఏ మాటా తోచక, వేళ్ళు వాటంతటవే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాయి. చిన్నిగువ్వ.

అది కూతురు గీతిక ముద్దుపేరు. భర్త పోయాక ఉద్యోగం కోసం అనసూయ తెనాలిలో గది తీసుకుంది. రెండో తరగతి చదివే పిల్లను రేపల్లెలో అత్తగారు మంగాయమ్మ దగ్గర ఉంచింది. ఆదివారాలు వెళ్ళి నిద్రపుచ్చేటప్పుడు చెవిలో పిలిచే పేరది. దీపాలవేళ బయట నిలబడి పిల్లల్ని పేరుపెట్టి పిలవనిచ్చేది కాదు మంగాయమ్మ. ఇంకెవరో విని నేర్చుకుంటారనేది. తప్పిపోయిన పిల్ల పక్కన తన పిల్ల పేరా అని అనసూయకు మనసు పీకింది. నాలుగు రోజులే కదా అనుకుంది.

వెతికిన సాయంత్రం ముసురు. కరెంటు పోయింది. తడిసిన గోనెసంచుల వాసన మెట్ల మీదుగా పైకొస్తోంది. చీకట్లో బ్యాటరీ పెట్టె కీచుమంటోంది, తెర ఒక్కటే వెలుగుతోంది. చిన్నిగువ్వ అని కొట్టింది. భరద్వాజగారి పేజీ వచ్చింది. పరీక్ష నెగ్గినట్టే.

కింద రెండు ముక్కలు చదివింది.

చిన్నిగువ్వ. ఏడేళ్ళు. రేపల్లె.

తను రాసింది ఇది కాదు. పేజీ తెరిచి లోపలి వరుసలు చూసుకుంది. ఆమని పేరే ఉంది, నీలం గౌనే ఉంది. ఎజ్రా మీద అనుమానం వచ్చి అడిగితే, పసిపిల్లలతో పరాచికాలేంటక్కా అని నొచ్చుకున్నాడు.

మళ్ళీ వెతికింది.

చిన్నిగువ్వ. ఏడేళ్ళు. పసుపు గౌను. రేపల్లె.

మళ్ళీ.

...పసుపు గౌను. గుమ్మంలో ఉంది.

అనసూయ చేతిలో మౌస్ జారింది. నొక్కింది.

...గేటు తీసింది.

"ఎజ్రా... నెట్ ఆపెయ్. ఫోన్ చెయ్యాలి."

సెంటర్‌కి ఉన్నది ఒక్కటే లైను. నెట్‌లో ఉన్నంతసేపూ ఫోన్ ఎంగేజే. అతను వైరు లాగాడో లేదో, ఫోన్ దానంతటదే మోగింది. మంగాయమ్మ.

"ఎంతసేపట్నుంచి చేస్తున్నానే అమ్మాయ్, కలిసి చావదు," అంటూ మొదలుపెట్టి ఆగింది. "నువ్వు... అక్కడున్నావేంటి?"

"ఎక్కడుంటానత్తయ్యా?"

"గేటు దగ్గర పిలుస్తున్నావుగా. గువ్వా గువ్వా అని. నీ గొంతే. అమ్మొచ్చిందని పిల్ల వానలో పరిగెత్తింది..."

"నేను తెనాల్లోనే ఉన్నాను. పసుపు గౌను వేశారా దానికి?"

"నీకెవరు చెప్పారు?"

"పిల్లని లోపలికి తీసుకురండి. పేరు పెట్టి పిలవొద్దు. వెళ్ళండి..."

రిసీవర్ బల్ల మీద పడ్డ చప్పుడు. చెప్పుల టపటప. తర్వాత వాన. వాన ఒక్కటే. అనసూయ రిసీవర్ చెవికి అదుముకుంది. వాన వెనక ఎవరో మెల్లగా, ముద్దుగా పిలుస్తున్నారు. ఆదివారాలు తను పిలిచినట్టే.

ఎప్పటికో మంగాయమ్మ రొప్పుతూ మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది. దొరికిందనీ, రోడ్డు మలుపు దాటి ఒక్కత్తే నిలబడి ఉందనీ చెప్పింది.

మళ్ళీ నెట్ కలిపి, ఆ మాట తీసేసింది అనసూయ. కానీ వెతికితే ఇంకా వస్తోంది. పాత కాపీ స్పైడర్ దగ్గర ఉండిపోతుందనీ, అది మళ్ళీ వచ్చి చూసుకునేదాకా మనం చేయగలిగింది లేదనీ ఎజ్రా నెమ్మదిగా చెప్పాడు. మిగతాది వినకుండా ఆమె రేపల్లె బస్సెక్కింది.

గీతిక దుప్పట్లో ముడుచుకుని మెలకువగానే ఉంది. ఒళ్ళు వేడిగా లేదు. దెబ్బలేం లేవు. అనసూయ పక్కన పడుకుని గట్టిగా పొదువుకుంది.

"ఎవరే పిలిచింది?"

"ఒక అక్క. నీలాగే పిలిచింది."

"ఏమంది నాన్నా?"

"నువ్వు ఇంటికెళ్ళు, నాకు మీ అమ్మ చాలు అంది." పిల్ల గుసగుసగా చెవి దగ్గరికి జరిగింది. "మీ అమ్మ పేరు రేగుపండు కదా అంది."

అది అనసూయ చిన్నప్పటి ముద్దుపేరు. కొల్లూరు లంకలో అరటితోటల్లో భుజాన ఎత్తుకుని తిప్పుతూ నాన్న అలా పిలిచేవాడు. ఆయన పోయేనాటికి తను గీతిక అంతే ఉంది. ఆ పేరు మొగుడికి కూడా చెప్పలేదు. ఏ కాగితం మీదా రాయలేదు. ఏ కంప్యూటర్‌లోనూ కొట్టలేదు.

"నాకు తెలీదన్నానమ్మా," అంది గీతిక. "ఆ అక్కేమో నాకు తెలుసులే... కనపడనిచోట మొన్ననే చదివాను అంది."