రెండు నిమిషాల్లో తేరిన నీళ్లు

దగ్గరికి జరగండి, తల్లుల్లారా. ఇంకొంచెం. ఒక మనిషి ఊపిరి సంగతి ఇది.

ఆ మనిషి రోడ్డు కింద గోతిలో ఉన్నాడు. వాననీటి కాలువలోకి దిగే గొయ్యి. పైన ఇనుప మూత. మూత మీద ఏదో బండి చక్రం. మోకాళ్ల దాకా నల్లటి నీళ్లు. ఫోనుకు సిగ్నల్ లేదు. పిడికిలితో గుద్దాడు. చెయ్యి వాచింది గానీ మూత కదల్లేదు.

వాననీళ్లు సీసాల్లో పట్టి ల్యాబ్‌కు ఇవ్వడం అతని ఉద్యోగం. ఆ నీళ్లలో సీసం, రాగి, జింక్ ఎంతున్నాయో ల్యాబ్ తేలుస్తుంది.

సాయంత్రం నాలుగు. అతని భార్య అతను పనిచేసే ఆఫీసులో లేడీ పోలీసు ఇన్‌స్పెక్టర్ ఎదుట నిలబడి ఉంది.

"రెండింటికి గోతిలోకి దిగుతున్నానని ఫోన్ చేశాడు మేడమ్. ఏ వీధో చెప్పలేదు. 2.20కి వాన పట్టుకుంది. అప్పట్నుంచి ఫోన్ కలవట్లేదు."

ఐదింటికి మళ్లీ పెద్ద వాన అని రేడియో చెబుతోంది. ఊళ్లో అలాంటి గోతులు ముప్ఫై ఆరు.

అతని సూపర్‌వైజర్ మాత్రం నిదానంగా ఉన్నాడు.

"కంగారెందుకు మేడమ్? 2.40కి మార్కెట్ రోడ్డులో నా చేతికే సీసా ఇచ్చాడు. ఇదిగో, వాన మొదలవగానే పట్టిన మొదటి నీళ్లు. మొగుడూ పెళ్లాల గొడవేమో!"

"మా గొడవ మీకెట్లా తెలిసింది?" అంది భార్య. "మీరు ఆ కుర్చీ దిగితే కదా!"

మార్కెట్ రోడ్డుకు వెళ్లిన కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. అక్కడి గోతులన్నీ ఖాళీ.

ఇన్‌స్పెక్టర్ సీసా ఎత్తి చూసింది. పైన తేట నీళ్లు, అడుగున మట్టి. గట్టిగా కుదిపి బల్ల మీద పెట్టింది. గోడ గడియారం 4.12.

4.14. నీళ్లు తేరిపోయాయి.

ల్యాబ్‌లో పనిచేసే ఆవిడను అందరూ ల్యాబ్ అక్క అంటారు. ఇన్‌స్పెక్టర్ ఆవిడను పిలిపించింది.

"అక్కా, వాన మొదట్లో పట్టిన నీళ్లు ఎంతసేపటికి తేరుతాయి?"

"తేరడమా? టైర్ల పొడి, బ్రేకుల పొడి, అన్నాళ్లూ రోడ్డు మీద పేరుకున్నదంతా వాన మొదటి జల్లుకే కొట్టుకొస్తుంది. పిండి కన్నా సన్నం. సీసం, జింక్ దాన్నే అంటుకుని వస్తాయి. రేపు పొద్దున చూసినా మురికిగానే ఉంటాయి." సీసా చేతిలోకి తీసుకుంది. "ఇదేంటి, కుళాయి నీళ్లలో ఇసక పోశారా?"

ఇన్‌స్పెక్టర్ సూపర్‌వైజర్ వైపు తిరిగింది.

"మీకు ఈ సీసా ఎవరిచ్చారు?"

"అతనే..."

"ఇసక ఎక్కడిది?"

సూపర్‌వైజర్ సీసా కోసం చెయ్యి చాచాడు. అక్క ఇవ్వలేదు.

"అక్కా, ఈసారి అతను ఏ వీధి నీళ్లు పడతానన్నాడు?"

"పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు సందులో. పోయిన రెండు వానల్లోనూ అక్కడ సీసం మరీ ఎక్కువగా తేలింది. పిల్లల ఒంట్లోకి పోతే విషమే అది. ఆ షెడ్డు..." అక్క సూపర్‌వైజర్ వైపు వేలు చూపింది. "ఈయన బావమరిదిది."

"అదన్నమాట. మమ్మల్ని మార్కెట్ రోడ్డుకు తిప్పడానికి ఈ సీసా నింపావు. మూత వేసిందీ నువ్వే." మీరు కాస్తా నువ్వయింది.

"బెదిరిద్దామనే మేడమ్... చీకటి పడ్డాక తీసేవాణ్ని..."

"అప్పటికి ఎవర్ని తీస్తావు?"

4.51. షెడ్డు సందులో, మూత మీద నిలిపిన వ్యాన్‌ను పక్కకు తోశారు. ఎగువన అప్పటికే వాన. కాలువ హోరుమంటోంది. గునపం పెట్టి మూత లేపారు.

లోపల ఛాతీ దాకా నీళ్లు. ఒక చెయ్యి ఇనుప మెట్టు మీద. రెండో చెయ్యి పైకి ఎత్తి ఉంది. అందులో నల్లటి నీళ్ల సీసా.

"రెండు చేతులా మెట్టు పట్టుకోవచ్చుగా, మహానుభావా!" భార్య గోతి అంచున బోర్లా పడుకుని చెయ్యి చాచింది.

"ఇది పడేస్తే..." పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "ఈ గోతిలోకి మళ్లీ ఇంకొకడు దిగాలి కదే."

ఆమె ముందు సీసా అందుకుంది. తర్వాత కాలరు పట్టుకుని మొగుణ్ని లాగింది.

విన్నారుగా. మనసులో ఉంచుకోండి. వాన వెలిశాక కాలువ పక్కన పిల్లల్ని ఆడనిచ్చే తల్లి కనిపిస్తే, ముందు ఆమెకు చెప్పండి.