మిక్సీల అబ్బాయి బఠానీల మిషను

"మిక్సీ బాగుచెయ్యమని ఇస్తే రాకెట్టు చేసిచ్చారేంటండీ?"

రిపేరు షాపు కౌంటరు మీద మిక్సీని ధన్‌మని పెట్టింది ఆ అమ్మాయి. ఎదురు వరసలో బఠానీలు, చిక్కుడు గింజలు వొలిచి హోటళ్ళకు అమ్మే కొట్టు వాళ్ళమ్మాయి. ఆమె జుట్టులో టమాటా తొక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

"ఏమైందండీ?" అన్నాడు మిక్సీల అబ్బాయి.

"స్విచ్చెయ్యగానే మూత గాల్లోకి లేచింది. లోపలున్నది సగం సీలింగుకి, సగం నాకు."

"మూత గట్టిగా పట్టుకోవాలండీ."

"ఫ్యాను కూడా పట్టుకుని తిప్పమంటారా?"

నవ్వు ఆపుకోవడానికి తల దించుకున్నాడు. అప్పుడు కనబడింది ఆమె కుడిచేతి బొటనవేలు. గోరు నిలువునా చీలి, చుట్టూ పచ్చమరక పట్టి, కట్టిన గుడ్డపీలిక పక్కకి జారి ఉంది. అతను చూడడం చూసి టక్కున చెయ్యి వెనక్కి దాచుకుంది.

"సీజన్లో అంతేలెండి," అంది గొంతు తగ్గించి. "పొద్దున్నించీ వొలుస్తూనే ఉంటాం."

ఆ క్షణాన మనవాడు నోరు మూసుకుని మిక్సీ చూసి ఉంటే ఈ కథే లేదు. నోరు ఊరుకుంటేగా!

"మిషను చేసిస్తానండీ! వచ్చే ఆదివారానికల్లా. ఇటు కాయలు పోస్తే అటు గింజలు!"

"ముందు మూత ఎగరకుండా చూడండి," అందామె. కానీ వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఓసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ ఒక్క చూపుకే వీడికి నిద్రాహారాలు కరువయ్యాయి.

విరిగిన పార కర్రను రెండు ముక్కలు కోసి పక్కపక్కన బిగించాడు. పాత మిక్సీ మోటారుకి బెల్టు కట్టి వాటిని తిప్పాడు. కర్రల మధ్య కాయ దూరితే తొక్క కిందికి జారిపోవాలి, గింజలు పైనే ఆగి పక్కనున్న గిన్నెలోకి దొర్లాలి. అదీ ప్లాను.

వంటింటి గట్టు మీద ట్రయలు వేశారు తల్లీ కొడుకూ. కాయలు అందించడం అమ్మ పని. కొడుకు చూపంతా మోటారు మీదే. బెల్టు సర్ది, నట్లు బిగించి, తలెత్తి చూసేసరికి గిన్నె నిండా నిగనిగలాడే గింజలు!

"అమ్మా! పనిచేసిందే!"

"ఎందుకు చెయ్యదు నాన్నా, నువ్వు చేశాక," అంది వాళ్ళమ్మ, చేతులు తుడుచుకుంటూ. "ఇంక లేచి అన్నం తిను."

ఆదివారం అమ్మని వెంటబెట్టుకుని మిషను పట్టుకెళ్ళేసరికి కొట్టు కిటకిటలాడుతోంది. కాటా దగ్గర ఆ అమ్మాయి తండ్రి, బుట్టల చుట్టూ ఆమె తల్లి, పిన్ని, నానమ్మ. మిషను బల్లెక్కగానే సరుక్కొచ్చిన హోటళ్ళ వాళ్ళు కూడా మూగారు. అంతమందిని చూసేసరికి మనవాడికి ఒళ్ళు తెలియలేదు.

"ఇది ఎందుకు చేశానో తెలుసాండీ?" అని ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తేశాడు. "ఈ గోరు చూడండి, ఎంత ఘోరంగా ఉందో! ఆడపిల్ల చెయ్యిలా ఉందా? ఇంక ఈ బాధ లేదు!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెయ్యి లాక్కుంది. వీడు చూస్తేగా! స్విచ్చు వేసేశాడు.

టపటపా టపటపా పగిలాయి కాయలు. తొక్కా గింజా కలిసిపోయి ఆకుపచ్చ ముద్ద గిన్నెలో పడింది. తప్పించుకున్న గింజల్లో ఒకటి నానమ్మ ముక్కుకి తగిలింది, ఇంకోటి తండ్రి టీ గ్లాసులో మునిగింది.

"ఇంట్లో చక్కగా పనిచేసిందండీ! కావాలంటే మా అమ్మనడగండి!"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. ఆ పిచ్చితల్లికి అబద్ధం చెప్పడం చాతకాదు.

"నేనే వొలిచి పోశానండీ," అంది, చూపు నేలకు దించి. "తిండి మానేసి దాని ముందే కూర్చున్నాడు. వాడు అటు తిరిగినప్పుడల్లా ముద్ద తీసేసి మంచివి వేశాను. ఇక్కడిదాకా తెస్తాడనుకోలేదు."

"అమ్మ కంపెనీ మోటారన్నమాట!" అన్నాడో హోటలాయన. "కరెంటు కూడా అక్కర్లేదు!"

కొట్టంతా గొల్లుమంది. మనవాడికి తల కొట్టేసినట్టయింది. మిషనుని చంకనేసుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని, ఎటు నడుస్తున్నాడో తెలియకుండా ఇల్లు చేరాడు.

ఆ తర్వాత ఎవరికీ మొహం చూపించలేకపోయాడు. షట్టరు సగమే ఎత్తేవాడు. రోడ్డు మీద ఎవరు నవ్వినా తననే అనుకునేవాడు. బఠానీ అన్న మాట వినబడితే చాలు, చెవులు ఎర్రబడేవి.

ఓ సాయంత్రం జోరున వాన. సగం షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చింది ఆ అమ్మాయి.

"మా మిక్సీ ఇస్తారా, దాన్నీ ముద్ద చేశారా?"

"సారీ అండీ," అన్నాడు తలెత్తకుండా. "మిషను ఫెయిలై మీ అందరి ముందు..."

"మిషను సంగతి ఎవరడిగారు? నానమ్మ ముక్కు చూసి నాకైతే నవ్వొచ్చింది."

"మరి?"

తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంది.

"బస్సులో కడ్డీ పట్టుకోవాలంటే ఎడంచెయ్యే వాడతాను నేను. ఫొటో తీస్తుంటే పిడికిలి బిగిస్తాను. దాన్ని పట్టుకుని అందరికీ ఎత్తి చూపించారు. ఆడపిల్ల చెయ్యిలా ఉందా అన్నారు." బొటనవేలు పిడికిట్లోకి ముడుచుకుంది. "ఆరోజు మీ కంటబడినా పర్లేదనుకున్నాను. మీ ఒక్కరికే కదా అని."

మనవాడు చేతిలోని స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. ఇన్నాళ్ళూ తన పరువు పోయిందనే కుమిలిపోయాడు. ఆమె పరువు తానే తీశానన్న సంగతి ఒక్కసారైనా తట్టలేదు. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనిపించింది.

"రేపొచ్చి అందరి ముందూ చెప్తానండీ, తప్పు నాదేనని..."

"బాబోయ్, వద్దు! మళ్ళీ నా మీద మీటింగు పెడతారా?"

"మరేం చెయ్యమంటారు?"

"అదీ నేనే చెప్పాలా?" అని మిక్సీ తీసుకుని వానలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు షాపు కట్టేసి నేరుగా కొట్టుకి వెళ్ళాడు. ఎవరితోనూ ఏమీ అనకుండా నానమ్మ పక్కన చతికిలబడి, ఓ బుట్ట ముందుకు లాక్కుని వొలవడం మొదలుపెట్టాడు. హోటళ్ళ వాళ్ళు పగలబడి నవ్వారు. తల దించుకుని వొలిచాడు. ఆ మర్నాడూ వచ్చాడు. ఆ పై రోజూ వచ్చాడు.

"పిసక్కురా అబ్బాయ్," అనేది నానమ్మ. "మెత్తగా నొక్కు, అదే నోరు తెరుస్తుంది."

ఆమె ఎదురుగా కూర్చునేది, చూసేది కాదు. ఓ రోజు ఉన్నట్టుండి అడిగింది.

"సిగ్గుగా లేదూ ఇక్కడ కూర్చోడానికి?"

"ఉందండీ. చాలా ఉంది."

"మరి లేచి వెళ్ళొచ్చుగా."

"వెళ్తే ఇంకా ఎక్కువవుతుందండీ."

ఆమె పెదవి కొరుక్కుని నవ్వు దాచుకుంది. "మీ మిషనేదీ?"

"అటకెక్కించాను." వేళ్ళ మధ్య కాయ తిప్పుతూ భయంభయంగా అన్నాడు. "కర్రలు గట్టివైపోయాయండీ. సైకిలు ట్యూబు తొడిగి, స్పీడు తగ్గిస్తే మెత్తగా నొక్కుతుందేమో."

"తీసుకురండి. స్విచ్చు మాత్రం నా చేతిలో ఉంటుంది. మీరు నోరెత్తకూడదు."

తెచ్చాడు. నోరెత్తలేదు. మోటారు గుర్రుమంది. కాయ మెల్లగా కర్రల మధ్యకి వెళ్ళింది, తొక్క కిందికి జారింది, గింజలు బిలబిలా గిన్నెలోకి దొర్లాయి. అక్కడక్కడా ఒకటి చితికింది, అంతే. తండ్రి వంగి చూసి తల ఊపాడు. పిన్ని చప్పట్లు కొట్టింది.

ఆమె పక్కనే నిలబడి కాయలు వేస్తున్నాడు మనవాడు. మోటారు రొదలో ఎవరికీ వినబడదన్న ధైర్యం వచ్చింది.

"మీరంటే నాకిష్టమండీ. జాలిపడి చెయ్యలేదిది. మీరు మళ్ళీ షాపుకొస్తారని చేశాను. మీరు ఊఁ అంటే..."

టక్కున స్విచ్చు ఆపేసింది. కొట్టంతా నిశ్శబ్దం. అందరూ ఇటే చూస్తున్నారు.

"ఏదో అంటున్నారు," అంది. "అందరికీ వినబడేలా చెప్పండి."

మెడ దాకా ఎర్రబడ్డాడు. గుమ్మం వైపు చూశాడు, పారిపోదామా అని. మళ్ళీ ఆమె వైపు చూశాడు. ఆ కళ్ళల్లో కోపం లేదు. ఎక్కడ వెళ్ళిపోతాడోనన్న భయం ఉంది.

"మీరంటే నాకిష్టం," అన్నాడు కీచు గొంతుతో. "ఊఁ అంటే పెళ్ళి చేసుకుంటాను. అనకపోయినా కాయలు వొలవడానికి వస్తాను."

తండ్రి కాటా వదిలేసి కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మా? నువ్వు సరేనంటే నాకేం అభ్యంతరం లేదు."

ఇప్పుడు ఎర్రబడడం ఆమె వంతయింది. గబుక్కున స్విచ్చు వేసింది. మోటారు గుర్రుమంటుంటే అతని చెవి దగ్గరకి వంగి ఏదో చెప్పి, మొహం తిప్పేసుకుంది. మనవాడి మొహం వెలిగిపోయింది.

"ఏమందిరా?" అని అరిచింది నానమ్మ. హోటళ్ళ వాళ్ళూ మెడలు చాచారు. "గట్టిగా చెప్పరా, మేమూ వింటాం!"

మనవాడు ఓ గుప్పెడు కాయలు తీసి మిషనులో వేశాడు.

"అది నా ఒక్కడికే చెప్పిన మాటండీ," అన్నాడు.