అత్యవసరానికి ఉంచిన ఖాళీ

కింద కంటి క్లినిక్కు, పైన ఇల్లు. ఆ ఇంట్లో తెల్లవారిందంటే కింద ఫోను మోగినట్టే లెక్క. ఆ సోమవారం పొద్దున డాక్టరు కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర తన సెల్లులో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు. ఆయన భార్య కూతురికి జడ వేస్తూనే ఒక చెవి కిందికి వేసి ఉంచింది. ఆయన అక్క అప్పుడే కళ్ళజోడు తుడుచుకుంటూ మెట్లు దిగుతోంది.

"అత్తా, టిఫిను తినలేదు నువ్వు," అంది పాప.

"ఫోను ఆగితే తింటాలేవే," అని వెళ్ళిపోయిందామె.

క్లినిక్కు తెరిచిన నాటినుంచీ ముందు బల్ల దగ్గర కూర్చున్నది ఆ అక్కే. పేషెంట్లందరికీ ఆమె పెద్దక్క. ఇక డాక్టరు భార్య, అంతకుముందు ఒక రవాణా సంస్థలో బస్సుల వేళలు వేసేది. ఎంతకీ ఒక దారికి రాని క్లినిక్కును దారిలో పెట్టమని ఆయనే ఆ ఉద్యోగం మాన్పించి తీసుకొచ్చాడు. వచ్చిన నెలలోనే ఆమెకు మేనేజరమ్మ అని పేరు పడింది. నర్సులు ముందు వెటకారంగానే అన్నారు. తరవాత అదే అలవాటైపోయింది.

మేనేజరమ్మ పని తెలిసిన మనిషి. ఎదురుగా నిలబడ్డవాళ్ళతో మాట్లాడుతూ ఫోనులో ఉన్నవాళ్ళకీ జవాబు చెప్పడం ఎవరి వల్లా కాదని, ఫోన్లను వెనక చిన్న గదిలోకి మార్చి పెద్దక్కను అక్కడ కూర్చోబెట్టింది. డాక్టరు గదిలోకి వెళ్ళకముందే నర్సు చుక్కల మందు వేసేసేలా చూసింది. కొత్తవాళ్ళకు పొద్దున, పాతవాళ్ళకు సాయంత్రం అని విడదీసింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్రతి పూటా కొంత సమయాన్ని ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెట్టింది. ఏ కంటికి ఎప్పుడు ఏం ముంచుకొస్తుందో తెలియదు కాబట్టి అది అత్యవసరానికి.

అయినా హాలు ఖాళీ అయ్యేది కాదు. మందు పడిన కళ్ళు చికిలిస్తూ జనం గోడవారగా కూర్చునే ఉండేవాళ్ళు. ఎక్కడ పట్టు తప్పుతోందో మేనేజరమ్మకు అంతుచిక్కలేదు. పెద్దక్కకు ఎవరినీ కాదనడం చేతకాదని, అడిగినవాళ్ళందరినీ ఇరికించేస్తోందని మనసులో ఒక అనుమానం. ఆడపడుచును ఎదురుగా ఎలా అడగాలో తెలియక దాన్ని అలాగే మింగుతూ వచ్చింది.

ఆ సోమవారం పదకొండు దాటాక ఒక దర్జీ ఆవిడ వచ్చింది. కూతురు చెయ్యి పట్టుకుని నడిపిస్తోంది. నర్సు చూసిన మరుక్షణం ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. కాసేపటికి డాక్టరు తనే బయటికి వచ్చి, పెద్దాసుపత్రికి ఫోను చేసి, ఆవిడను కారులో పంపించాడు. కంటి వెనక పొర ఊడిపోయింది. ఆ రోజే ఆపరేషను చెయ్యాలి.

మధ్యాహ్నం ఆయన పైకి వచ్చి అక్కతో, భార్యతో పాటు కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద ఎత్తలేదు.

"శుక్రవారమే ఫోను చేసిందట," అన్నాడు. "కంట్లో మెరుపులు వస్తున్నాయని చెప్పిందట. అప్పటికి పొర చిన్న చిరుగే పడి ఉంటుంది. ఆ రోజే వచ్చుంటే ఇక్కడే లేజరుతో ఆపేసేవాణ్ణి."

"మరి ఆ రోజే ఎందుకు రాలేదు?" అంది మేనేజరమ్మ.

"సోమవారం రమ్మన్నారట మనవాళ్ళు."

ఇద్దరూ ఒకేసారి పెద్దక్క వైపు చూశారు. ఆమె నీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"నేనే రమ్మన్నాను," అంది.

మేనేజరమ్మ ఇన్నాళ్ళూ అదిమిపెట్టిన మాటలు ఒక్కసారి పైకి తన్నుకొచ్చాయి. "ఎందుకు వదినా? అత్యవసరానికని నేను ఖాళీలు ఉంచింది ఎందుకు? ఇలాంటి కంటి కోసం కాదా? మొహమాటానికి ఎవరెవరినో ఇరికిస్తారు. నిజంగా ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి సోమవారం అంటారు. ఆవిడ బతికేదే ఆ కళ్ళమీద."

పెద్దక్క తల వంచుకుంది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అక్కా," అన్నాడు డాక్టరు నీరసంగా. "ఎంతమందిలో ఉన్నా చూసేవాణ్ణి."

ఆ మాటకు ఆమె తల ఎత్తింది. చాలాసేపు తమ్ముడినే చూసింది. చెయ్యి కడుక్కుని లేవబోయింది.

"అలా లేచి వెళ్ళిపోతే ఎలా వదినా? కారణమన్నా చెప్పండి," అంది మేనేజరమ్మ.

పెద్దక్క కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. "నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్తావా?" అని తమ్ముణ్ణి అడిగింది.

డాక్టరుకు వెంటనే అర్థం కాలేదు.

"శుక్రవారం పొద్దున పక్క తలుపులోంచి నీ గదిలోకి వచ్చిందెవరు?"

ఆయన ముఖం మారిపోయింది. వచ్చింది తనతో చదువుకున్న స్నేహితుడు. కొత్త కళ్ళజోడు ఫ్రేము ముక్కు మీద ఒత్తుతోందని వచ్చాడు. ఫ్రేము సంగతి అయిపోయాక ఇద్దరూ కాలేజీ కబుర్లలో పడ్డారు.

"సాయంత్రం వచ్చిందెవరు?" అంది పెద్దక్క. ఈసారి ఆమె జవాబు కోసం ఆగలేదు. "నీతో నడకకొచ్చే ఆయన అత్తగారు. వాళ్ళంతా నీ సెల్లుకే చేస్తారు, నువ్వు రమ్మంటావు. ఈ అమ్మాయి అత్యవసరానికని ఉంచిన ఖాళీలన్నీ అలాగే పోతున్నాయి, రోజూ. కుదరదని ఒకసారి నేనంటే ఏమన్నావు? ఒక్క మనిషిని సర్దలేవా అక్కా అన్నావు, నర్సుల ముందు."

కింద ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"అలా అని నా తప్పు లేదనను," అంది పెద్దక్క. "మెరుపులంటే ఏమిటో నాకు తెలుసు. ఇన్నేళ్ళుగా వింటున్నాను. హాలు కిటకిటలాడుతోంది, నీ తలుపు మూసి ఉంది, కొడితే విసుక్కుంటావని భయపడ్డాను. ఆవిడ పాపం, సరేనమ్మా అని పెట్టేసింది. ఆ గొంతు చెవిలోంచి పోవడం లేదు." కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, అలాగే కిందికి వెళ్ళిపోయింది.

మేనేజరమ్మ తన ముందున్న కంచాన్ని చూస్తూ ఉండిపోయింది. ఇంతమందికి నియమాలు పెట్టింది. నర్సులకు, పేషెంట్లకు, ఆడపడుచుకు. మొగుడికి ఒకటి పెట్టాలని తోచనే లేదు. ఆ ఫోన్ల గదిలో ఒక పూటైనా కూర్చుని ఉంటే తెలిసేది. కూర్చోకుండానే తీర్పు చెప్పేసింది.

"మీ నంబరు మార్చేద్దాం," అంది చివరికి. "కొత్తది ఇంట్లోవాళ్ళకీ, ఆసుపత్రికీ మాత్రమే. ఇంకెవరు రావాలన్నా వదిన చెప్పాలి. ఆవిడ కాదంటే మీరు అవుననకూడదు."

ఆయన తలూపాడు. "అలాంటి ఫోను వస్తే నా తలుపు కొట్టక్కర్లేదని అక్కకు చెప్పు. తోసుకుని రమ్మను."

"అది మీరే చెప్పండి, అందరి ముందూ. ఆవిణ్ణి మాట అన్నది అందరి ముందేగా."

సాయంత్రం క్లినిక్కు మూసేముందు ఆయన నర్సులందరినీ పిలిచి ఆ మాట చెప్పాడు. చెప్తున్నంతసేపూ అక్క ముఖం చూడలేకపోయాడు. ఆమె "సరే" అని మాత్రం అంది.

బుధవారం మధ్యాహ్నం భార్యాభర్తలు పెద్దాసుపత్రికి వెళ్ళారు. ఆపరేషను బాగానే జరిగింది. చూపు వస్తుంది గానీ మునుపటంత రాదని అక్కడి డాక్టరు ముందే చెప్పాడు. దర్జీ ఆవిడ మంచం మీద కూర్చుని, ఎదురుగా బల్ల మీది దిండుకు నుదురు ఆనించి ఉంది. కంట్లో నింపిన గాలి బుడగ పొరను అదిమి ఉంచాలంటే కొన్నాళ్ళు తల ఎత్తకూడదు. కంటి డాక్టరుగారు వచ్చారని కూతురు చెప్పినా ఆవిడ దిండులోకే మాట్లాడింది.

డాక్టరు ఆ మంచం పక్కన నేలమీద గొంతుక్కూర్చున్నాడు, తన గొంతు ఆవిడకు సరిగ్గా వినబడాలని.

"మీకు ఒక సంగతి చెప్పాలమ్మా. శుక్రవారం మీకు ఇవ్వాల్సిన టైము నేను నా స్నేహితుడికి ఇచ్చేశాను. అతనికి కంటి జబ్బేమీ లేదు. ఫోనులో మాట్లాడిన ఆవిడది తప్పు కాదు, నాది."

ఆవిడ భుజాలు మెల్లగా కదిలాయి.

"ఆ ఫోను ఆవిడ నిన్న వచ్చి వెళ్ళింది," అంది దిండులోకే. "తప్పంతా తనదే అంది. మా తమ్ముడికి తెలియదమ్మా, తెలిస్తే నిమిషం ఆగేవాడు కాదు అని ఏడ్చింది. మీ ఇద్దరిలో ఎవరి మాట నమ్మమంటారు నన్ను?"

డాక్టరు నేలమీదే ఉండిపోయాడు, చేతుల్లో ముఖం పెట్టుకుని. మేనేజరమ్మ దగ్గరికి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"ఇంటికెళ్ళాక సాయంత్రాలు ఎవరన్నా వచ్చి కంట్లో ఆ చుక్కల మందు వేసిపోతే బాగుండు," అంది దర్జీ ఆవిడ, మాట మారుస్తూ. "మా పిల్లకి చెయ్యి వణుకుతోంది."

"నేను వస్తాను," అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చేసరికి పెద్దక్క ఫోన్ల గదిలో ఎవరికో దారి చెప్తోంది. పెట్టేసేదాకా ఇద్దరూ గుమ్మంలోనే నిలబడ్డారు.

"నిన్న ఆసుపత్రికి వెళ్ళావటగా," అన్నాడు తమ్ముడు.

"వెళ్ళాను."

"నాకు తెలియదని చెప్పావట."

"తెలియదుగా మరి. ఆవిడ ఫోను సంగతి నీకు నేను చెప్పనేలేదు." ఆమె కాగితాలు సర్దుతున్నట్టు తల వంచుకుంది. "నీ మీద ఒక మాట పడితే నేను వినలేనురా."

ఆయన వంగి అక్క చెయ్యి పట్టుకున్నాడు. అంతకుమించి ఏమీ చెయ్యలేక, పేషెంట్లున్నారని గొణిగి వెళ్ళిపోయాడు.

మేనేజరమ్మ అక్కడే ఉంది. "మొన్న నేనన్న మాటలు తప్పు వదినా," అంది. "అడగకుండా అన్నాను. రేపటినుంచి పొద్దుటిపూట మీ పక్కన కూర్చుంటాను. మీరు మాట్లాడండి, నేను వింటాను."

పెద్దక్క ఆ ఇరుకు గదిని ఒకసారి చుట్టూ చూసింది. కళ్ళనిండా నీళ్ళు.

"ఇక్కడ రెండో కుర్చీ ఎక్కడ పడుతుందే అమ్మాయ్?"

"ఆ బీరువా హాల్లోకి తోసేద్దాం. అటువైపు పట్టండి."

ఇద్దరూ చెరోవైపు పట్టి బీరువాను జరపడం మొదలుపెట్టారు.