బాల్కనీలోంచి దిగిన బుట్ట

"నాన్నా, మధ్యాహ్నం మాత్ర ఎర్రమూత డబ్బాలో పెట్టాను. అన్నం, కూర హాట్‌బాక్సుల్లో ఉన్నాయి. స్టవ్ జోలికి వెళ్ళకండి. వింటున్నారా?"

"వింటున్నానమ్మా. నిన్నా ఇదే విన్నాను."

"రేపూ వినాలి" అంది కూతురు, ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం వెతుకుతూ. ఆమె రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు ఉంటారు కాబట్టి ఎనిమిది దాటితే మేనేజరు మొహం మాడ్చుకుంటాడు. అల్లుడు ఏడింటికే వెళ్ళిపోయాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కాపురం మాత్రం లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. ఎవరైనా ఆ మాట ఎత్తితే అందరికంటే ముందు తనే నవ్వేస్తాడు.

తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. ఆ తర్వాత తాళం.

మాస్టారు ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. భార్య పోయాక, రెండేళ్ళ క్రితం కూతురి దగ్గరికి వచ్చారు. గత నాలుగు నెలలుగా పగలల్లా ఈ తాళం వెనకే ఉంటున్నారు. హాల్లోంచి వంటింటికి పదకొండు అడుగులు, అక్కణ్ణుంచి బాల్కనీకి తొమ్మిది. ఎన్నిసార్లు తిరిగినా అవి పదీ కావు, పన్నెండూ కావు. మొన్నామధ్య కొరియర్ అతను బెల్లు కొడితే ఏం చెప్పాలో తోచక, "ఇంట్లో ఎవరూ లేరు" అన్నారు లోపల్నుంచి. బయట మనిషి, "మరి మీరెవరండీ?" అని అడిగాడు. మాస్టారు తలుపుకి చెయ్యి ఆనించి అలాగే ఉండిపోయారు.

తాళం పడటానికి కారణం ఆయనే.

కింద ఫుట్‌పాత్ మీద ఒకావిడ పత్రికలు అమ్ముతుంది. మొదట్లో మాస్టారు రోజూ పేపరు కోసం ఆవిడ దగ్గరికి దిగేవారు. ఒకరోజు నెలనెలా వచ్చే ఒక బొమ్మల కథల పుస్తకం అట్టమీద బస్సు కోసం నిలబడ్డ ముసలాయన బొమ్మ కనిపించింది. పైన 'సెలవు లేని వేగు' అని ఉంది. గూఢచారి కథంటున్నాడు, చేతిలో తుపాకీ లేదే, కూరగాయల సంచీ ఉందేమిటా అని తీసి చూశారు. అంతే, చిక్కుకుపోయారు.

అందులో వేగుకి అరవై రెండేళ్ళు. మోకాళ్ళ నొప్పులు. పరుగెత్తడు, గోడలు దూకడు, ఎవర్నీ కొట్టడు. ఎవరి కంటా పడకుండా బెంచీల మీద కూర్చుని మాటలు వింటాడు. విన్నదంతా రాసి పై ఆఫీసుకి పంపిస్తాడు. ఆ ఆఫీసు ఎప్పుడో మూతపడింది. ఆ సంగతి ఆయనకి చెప్పిన నాథుడే లేడు. ఒక సంచికలో మొదటి పేజీ నుంచి చివరిదాకా ఆయన బస్టాపులో ఎదురుచూడటమే. ఒక్క మాట ఉండదు. ఆ సంచిక మాస్టారు ఎన్నిసార్లు చూశారో ఆయనకే తెలియదు.

పద్నాలుగో సంచిక ఆవిడ దగ్గరికి రాలేదు. నెలంతా చూసి, వెనక అట్ట మీదున్న చిరునామా పట్టుకుని, ఇంట్లో చెప్పకుండా రెండు బస్సులు మారి ప్రెస్సుకి వెళ్ళారు. పుస్తకం దొరికింది. తిరిగొస్తుంటే బస్సు చెడిపోయింది, వాన పట్టుకుంది, ఫోను చూస్తే ఇంట్లోనే మర్చిపోయారు. ఇంటికి చేరేసరికి కూతురు పోలీస్ స్టేషన్ నుంచి అప్పుడే వచ్చి గుమ్మంలో కూలబడి ఉంది.

"ఎక్కడికెళ్ళారు నాన్నా?"

చొక్కా లోపల పొట్టకి అతుక్కున్న పుస్తకం తడి తెలుస్తోంది. బొమ్మల పుస్తకం కోసం వెళ్ళానని చెప్పడానికి నోరు రాలేదు. అందులోనూ ఈ కూతురికి.

"దారి తప్పాను" అన్నారు.

మతిమరుపేమోనని కూతురు తీసుకెళ్తే, డాక్టరు అడిగిన ప్రశ్నలన్నిటికీ సరిగ్గానే జవాబులు చెప్పారు. "మొదట్లో బయటపడదు, కనిపెట్టి ఉండండి" అన్నాడు డాక్టరు. మర్నాడే తాళం వచ్చింది.

తర్వాత సంచికలు బాల్కనీలోంచి వచ్చాయి. బట్టలారేసే తాడుకి కూరగాయల బుట్ట కట్టి, అందులో డబ్బులు వేసి కిందికి వదిలేవారు. పత్రికలావిడ పుస్తకం పెట్టి తాడు రెండుసార్లు లాగేది. మూడు నెలలూ సాఫీగానే సాగింది.

ఆ రోజు పద్దెనిమిదో సంచిక. బుట్ట పైకి వస్తుంటే గాలి విసురుగా కొట్టింది. రెండో అంతస్తావిడ ఆరేసుకున్న దుప్పటిలో బుట్ట ఇరుక్కుపోయింది. మాస్టారు లాగారు. దుప్పటి కూడా వచ్చింది. కిందనుంచి ఆవిడ దుప్పటి చివర పట్టుకుంది.

"ఎవరండీ అదీ! దొంగతనమా పట్టపగలు!"

"నేనేనమ్మా, పైన మాస్టార్ని. కాస్త బుట్ట వదిలించి పెట్టండి."

"ఏమైనా కావాలంటే మెట్లు దిగి రావచ్చుగా!"

"రాలేనమ్మా" అన్నారాయన మెల్లగా. "తాళం వేసుంది."

దుప్పటితో పాటు బుట్ట కూడా ఆవిడ ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ మాస్టారి కూతురికి ఫోన్ చేసి ఏం చెప్పిందో ఏమో, ముప్పావు గంటలో తలుపు తెరుచుకుంది. కూతురు తెల్లకోటు కూడా విప్పకుండా వచ్చేసింది.

"తండ్రిని లోపల పెట్టి తాళం వేస్తావా, నీకు మనసెలా ఒప్పిందని అడిగింది కిందావిడ. మెట్ల మీద ఆపి, నలుగురూ వింటుండగా! నేనేదో మిమ్మల్ని జైల్లో పెట్టినట్టు!"

మాస్టారు గ్లాసుతో మంచినీళ్ళు అందించారు. ఆమె తీసుకోలేదు.

"ఏం తెప్పించుకుంటున్నారు బుట్టలో? సిగరెట్లా?"

"ఛ! కాదమ్మా."

"మరి? అడిగితే నేను తేనా? తాడేసి లాగుతూ ఆ గోడ మీంచి పడితే నా గతేమిటి?" ఆమె గబగబా ఆయన గదిలోకి వెళ్ళింది. బీరువా తీసింది, దిండ్లు ఎత్తింది. పరుపు ఎత్తేసరికి ఆగిపోయింది.

పదిహేడు పుస్తకాలు. అంకెల వరసలో, అంచులు కలిపి, లెక్కల మాస్టారు పేర్చినట్టే ఉన్నాయి.

ఒకటి తీసి పేజీలు తిప్పింది. నవ్వు రాబోయి మధ్యలోనే ఆరిపోయింది.

"బొమ్మల పుస్తకాలు" అంది.

"అవునమ్మా."

"మీరు."

"నేనే."

ఆమె మంచం అంచున కూర్చుంది. "ఎనిమిదో క్లాసులో నేనొకటి గీశాను. గుర్తుందా మీకు? కనపడకుండా తిరిగే అమ్మాయి కథ. లెక్కల నోట్సు వెనక ముప్ఫై రెండు పేజీలు. క్లాసందరి ముందూ నిలబెట్టి చింపారు. ఇంటికొచ్చాక కూడా ఒక్క మాట అనలేదు. ముప్ఫై ఏళ్ళయింది నాన్నా, మళ్ళీ పెన్సిలు పట్టుకుని ఒక్క గీత గీయలేదు నేను."

"గుర్తుంది" అన్నారు మాస్టారు. కుర్చీ పట్టుకుని నిలబడ్డారు గానీ కూర్చోలేదు. "మధ్యలో చాలా ఏళ్ళు గుర్తు లేదు. అబద్ధమెందుకు. ఈ మొదటి పుస్తకం చదువుతుంటే గుర్తొచ్చింది. అప్పట్నుంచి ప్రతి సంచికకీ గుర్తొస్తూనే ఉంది." పద్నాలుగో పుస్తకం తీసి చూపిస్తూ అన్నారు, "ఆ రోజు నేను దారి తప్పలేదమ్మా."

"ఏ రోజు?"

"వాన రోజు. దీని కోసమే ప్రెస్సుకి వెళ్ళాను. నీ పుస్తకం చింపిన చేతులతో ఇంకో బొమ్మల పుస్తకం పట్టుకుని ఏ మొహంతో చూపించను నీకు? మతిమరుపు ముసలాడంటే జాలిపడతావు. ఇదంటే..."

ఆమె లేచి నిలబడింది. ఈసారి ఆమెకి వచ్చింది మామూలు కోపం కాదు.

"నాలుగు నెలలు నాన్నా! మైక్రోస్కోపు ముందు కూర్చున్నా ఇదే ధ్యాస. ఇల్లంటుకుంటే ఎలా బయటికొస్తారు, గుండె పట్టుకుంటే తలుపెవరు తీస్తారు అని. మధ్యాహ్నం ఫోనెత్తడం ఒక్క నిమిషం ఆలస్యమైతే నాకు చెమటలు. అమ్మలాగే మీరూ నా చేతుల్లోంచి జారిపోతున్నారని రాత్రిళ్ళు ఏడ్చాను. మీ పరువు నిలవడానికి నన్ను తాళాల మనిషిని చేశారు!"

"తప్పే తల్లీ. రెండూ తప్పులే. అదీ, ఇదీ." మాస్టారు చేతులు జోడించబోయారు.

కూతురు ఆ చేతులు పట్టుకుని కిందికి దించేసింది. "వద్దు నాన్నా. అలా చెయ్యకండి" అంటూ ఆయన భుజం మీద తల ఆనించి ఏడ్చింది. కోటుకి స్పిరిటు వాసన. పసిదానిగా కూడా ఆమె ఎప్పుడూ ఆయన భుజం మీద ఏడవలేదు, అన్నీ తల్లి దగ్గరే. ఎలా ఓదార్చాలో తెలియక మాస్టారు వీపు మీద తడుతూ ఉండిపోయారు.

కాసేపటికి ఆమె ముక్కు తుడుచుకుంది. "ఒక్కసారైనా మిమ్మల్ని కూర్చోబెట్టి అడిగానా? డాక్టర్నడిగాను, మా ఆయన్నడిగాను. మిమ్మల్ని తప్ప అందర్నీ అడిగాను."

"అడిగినా చెప్పేవాణ్ణి కాదులే."

"అదీ నిజమే."

ఇద్దరికీ నవ్వొచ్చింది.

"పద్దెనిమిదోది కిందావిడ దగ్గరే ఉండిపోయింది" అన్నారు మాస్టారు.

"తెచ్చుకోండి, వెళ్ళండి."

నాలుగు నెలల తర్వాత ఆయన మెట్లు దిగారు. రెండో అంతస్తావిడ గుమ్మంలోనే స్టూలు మీద కూర్చుని అదే పుస్తకం చదువుతోంది.

"ఇంకో నాలుగు పేజీలున్నాయి, ఆగండి" అందావిడ తలెత్తకుండా. "ఈ ముసలాయన్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఆ ఆఫీసు మూసేశారని ఎవరో ఒకరు చెప్పి చావచ్చుగా!"

"నేనూ అదే అంటానమ్మా ప్రతినెలా" అన్నారు మాస్టారు, పక్క మెట్టు మీద కూర్చుంటూ.

కూతురు కూడా దిగి వచ్చి ఆయన పక్కన చోటు చేసుకుంది. తెల్లకోటు విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మా, నీ కథలో ఆ పిల్ల" అన్నారు మాస్టారు మెట్ల వైపు చూస్తూ. "చివరి పేజీలో బళ్ళో చిక్కుకుపోయింది. అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. కనపడదు కదా, లోపల ఉందని ఎవరికీ తెలియదు. తర్వాత ఎలా బయటపడింది?"

ఆమె తల తిప్పి తండ్రి మొహంలోకి చూసింది. "మీరు చదివారా?"

"చింపేముందు మొత్తం చదివాను. స్టాఫ్ రూములో కూర్చుని. బాగుంది తల్లీ. బాగుందని తెలిసే చింపాను. చదువు పాడవుతుందని భయం."

ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి.

"తర్వాతది గీయలేదు నాన్నా. అక్కడిదాకానే వచ్చాను."

"గీయకపోతే ఏం? అనుకునే ఉంటావుగా. ఇప్పుడు చెప్పు."

రెండో అంతస్తావిడ పుస్తకం మూసి ఇటు తిరిగింది. కూతురు కోటు చివరతో కళ్ళు ఒత్తుకుంది, గొంతు సవరించుకుంది.

"ముందు ఆ పిల్ల తలుపు దగ్గరికి వెళ్ళి గట్టిగా కేకేస్తుంది నాన్నా" అని మొదలుపెట్టింది.