గుమ్మం బయట తాతయ్య

పొద్దున్నే జగదీశ్వరరావు మాస్టారు గేటు దగ్గర బకెట్టుతో నీళ్ళు పెట్టుకుని కాపలా కూర్చుంటారు. నర్సీపట్నంలో ఎంత గొప్పవాడైనా సరే, కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా ఆయన మనవరాలి గదిలోకి వెళ్ళడానికి వీల్లేదు. డ్రిల్లు మాస్టారుగా రిటైరై ఎన్నాళ్ళయినా గొంతు మాత్రం ఇంకా గ్రౌండులోనే ఉంది.

పాపకి నీళ్ళు పోసే అప్పయమ్మని కూడా ఆపేశారు.

"కాళ్ళు కడుక్కున్నావా? టీకా వేయించుకున్నావా?"

"మొన్నే ఏయించుకున్నాను బాబూ. తమరు సెప్పాక ఊరుకుంతానా?"

ఆ టీకా పిల్లల డాక్టరు పెట్టిన షరతు. ఆరు నెలలు నిండేదాకా పాపకి ఫ్లూ టీకా వెయ్యరు కాబట్టి, ఎత్తుకునేవాళ్ళంతా వేయించుకోవాలి. అరవై దాటి షుగరు కూడా ఉన్న మాస్టారికైతే ఆయన కోసమే అవసరమన్నారు. కూతురు సత్యశ్రీ, భార్య పుష్పవతి వేయించుకున్నారు. మాస్టారూ వెళ్ళారు. సూది కంటబడగానే మెల్లగా బయటికి జారుకున్నారు. మందుల షాపులో ప్లాస్టరు కొని భుజానికి అంటించుకుని దర్జాగా ఇంటికొచ్చారు. బడిలో ఏడ్చే పిల్లల చెవులు మెలేసి, "చీమ కుట్టినట్టుంటాది, అంతే!" అని గద్దించిన మనిషాయె. సూదికి భయపడ్డారంటే పరువేం కాను?

తర్వాత రావికమతంలో ఓ పెళ్ళికెళ్ళి దగ్గు పట్టుకొచ్చారు. "మంచు తగిలిందిలే" అంటూ పాపని ఎత్తుకుంటూనే ఉన్నారు. రెండు మూడు రోజుల్లో పాప ఒళ్ళు కాలిపోయింది. పాలు తాగడం మానేసింది.

"పాపకిది ఫ్లూ అమ్మా. పెద్దాయన దగ్గుతున్నారే. టీకా వేయించుకున్నారా?" అడిగాడు ఆస్పత్రిలో డాక్టరు.

"అందరం వేయించుకున్నామండీ," అంది సత్యశ్రీ.

"వేయించుకున్నా ఒక్కోసారి వస్తుందమ్మా. మీ తప్పేం లేదు."

ఆ మాటతో మాస్టారి అబద్ధం బయటపడే గండం గడిచినట్టే.

అంతలో ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పట్టుకుని అప్పయమ్మ వరండాలోకి వచ్చింది. సత్యశ్రీ విరుచుకుపడింది.

"మేమంతా వేయించుకున్నాం. నువ్వే టీకా వేయించుకోకుండా వేయించుకున్నానని బొంకావు కదూ? నాన్నకీ పాపకీ నువ్వే అంటించావు. ఇక మా గుమ్మం తొక్కకు!"

"అమ్మతోడు తల్లీ, ఏయించుకున్నాను! బాబూ, తమరైనా సెప్పండి!"

నోరు విప్పితే మాస్టారి పరువు పోతుంది, విప్పకపోతే అప్పయమ్మ కూడు పోతుంది. లోపల్నించి పాప ఏడుపు సన్నగా, ఓపిక లేనట్టు వినిపించింది.

"దాన్నేం అనకమ్మా," అన్నారు చివరికి. "వేయించుకోనిది నేను."

"మరి ఆ ప్లాస్టరు, నాన్నా?"

"నేనే అంటించుకున్నాను. సూదంటే నాకు భయం."

వరండాలో జనం తిరిగి చూశారు. సత్యశ్రీ అరిచినా బాగుండేది.

"మీ చేతుల్లో పెట్టి నిశ్చింతగా నిద్రపోయాను నాన్నా," అంది.

పక్కనే ఉన్న పుష్పవతి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "నాకు తెలుసే. ప్లాస్టరేమో ఎడం భుజానికి, మర్నాడు నొప్పేమో కుడి చేతికి. నలుగుర్లో నవ్వులపాలవుతారని ఊరుకున్నాను. నా బుద్ధి ఏ గడ్డి తిందో!"

మాస్టారు అప్పయమ్మకి రెండు చేతులూ జోడించారు.

"ఏటి బాబూ ఇది! తమరు నాకు దండం ఎట్టడమేటి!" అంటూ ఆమె వెనక్కి జరిగింది. సిగ్గుతో ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి.

దేవుడి దయవల్ల పాప కోలుకుని ఇంటికొచ్చింది. దగ్గు పూర్తిగా తగ్గాక మాస్టారు ఎవరూ చెప్పకుండానే టీకాకి బయల్దేరారు. సూది వేస్తుంటే పుష్పవతి ఆయన చెయ్యి పట్టుకుంది.

"చీమ కుట్టినట్టే ఉందా?"

"లేదే, నొప్పిగానే ఉంది. ఆ పిల్లల్ని అన్యాయంగా తిట్టాను."

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, గది గుమ్మం దగ్గరే ఆగిపోయారు. చొక్కా చెయ్యి పైకి మడవబోయారు.

"చూపించక్కర్లేదు నాన్నా," అంది సత్యశ్రీ.

"మందు ఒంటికి పట్టడానికి రెండు వారాలవుతుందటమ్మా. అందాకా ఇక్కణ్ణించే చూసుకుంటాను," అని ఆయన గుమ్మం బయట కుర్చీ వేసుకున్నారు.

సత్యశ్రీ లేచి, ఉయ్యాలని గుమ్మానికి ఎదురుగా జరిపింది.