ఎనిమిది నిమిషాల గుడ్డిచోటు

దగ్గరగా జరగండి తల్లీ. ఆ వెనకున్న బాబులూ, ముందుకు రండి. పట్టపగలు జరిగిందే కదా అని తేలిగ్గా తీసుకోకండి.

కిటికీల్లేని గది. ఏసీ రొద, మాడిన కాఫీ వాసన. ఆకాశంలో తిరిగే నౌకతో మాట్లాడే బల్ల ముందు ఒక అక్క. నౌకలో ఒంటరిగా ఉన్నది ఆమె సొంత తమ్ముడు. ఆరు నెలలైంది, ఇంకో మూడు రోజుల్లో దిగాలి. వాళ్ల మాటల్ని అటూ ఇటూ అందించే ఉపగ్రహాలు రెండు. మొదటిది వదిలాక రెండోది అందుకునేలోపు, ప్రతి చుట్టులోనూ ఎనిమిది నిమిషాల గుడ్డిచోటు. అప్పుడు మైకు ఆపేయాలన్నది అక్కడి పద్ధతి. అక్క ఆపేది కాదు. ఎత్తుకుని పెంచిన ప్రేమ! వినపడకపోయినా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేది.

ఆ మధ్యాహ్నం తమ్ముడే అన్నాడు: "అక్కా, గుడ్డిచోట్లో కూడా నీ సొద తప్పదా నాకు?"

"పోరా వెధవా! అక్కడ నీకెలా వినపడుతుంది?"

"'అన్నం తిన్నావా నాన్నా' అనలేదూ?"

అక్క నవ్వు ఆగిపోయింది. అంది. నిజంగానే అంది.

"తర్వాత..." వాడి గొంతు మత్తుగా సాగింది. "బయట నిలబడ్డాను, చలేస్తోంది, తలుపు తీయరా అన్నావు. పాపం, ఏడ్చావు కూడా. ఈసారి తీస్తాలే..."

గర్రుమంది. లైను పోయింది, మళ్లీ గుడ్డిచోటు.

ఆ తలుపు బయట ఏముందని? పీల్చడానికి గాలి కూడా లేదు. తీస్తే వాడు మిగలడు.

"ఒరేయ్, తీయకురా!" మైకు పట్టుకుని అరిచింది అక్క.

ఆ గదికి పెద్దదిక్కైన పెద్దాయన వెనకనుంచి వంగి, గుసగుసగా అన్నాడు: "అమ్మాయ్... వాడికి వినపడదు. వినేది వాడు కాదు. నీ గొంతు దొరికితేనే అది మాట్లాడేది."

ఆమె మైకు ఆపేసింది. పెదవులు బిగబట్టి, లోపల్లోపలే దేవుణ్ణి పిలిచింది.

మూడు నిమిషాలు... ఐదు... ఎనిమిది.

"అక్కా?" తమ్ముడి గొంతు. ఇప్పుడు తెలివిగా ఉంది. "ఏమైంది నీకు? ఏడుస్తూ ఏడుస్తూ గభాల్న ఆగిపోయావు. నా చెయ్యి తలుపు గడియ మీదే ఉంది..."

"దాని జోలికి పోకు నాన్నా. వెనక్కి రా."

వచ్చాడు. దిగడానికి వేరే చిన్న గూడు ఉంటుందిలెండి, దేవుడి దయవల్ల అందులో క్షేమంగా నేలకి చేరాడు. పెద్ద నౌక మాత్రం ఖాళీగా ఇంకా తిరుగుతూనే ఉంది. అది గుడ్డిచోటు దాటి వచ్చినప్పుడల్లా అక్క చెవుల్లో టక్... టక్... తలుపు కొడుతున్న చప్పుడు.

నౌక లోపల్నుంచి.

నాయనలారా, అక్క చేసిన ఆ ఒక్క పని గుర్తుంచుకోండి. అవతల మనవాళ్లు లేరని తెలిశాక నోరు మూసుకుని, మనసులోనే మొక్కుకోండి. ఇంటికెళ్లి మీ వాళ్లకీ చెప్పండి...

మెల్లగా చెప్పండి.